గుహలో యథాతథ స్థితి

వేములదిన్నె శాఖా గ్రంథాలయంలో నేను రికార్డు అసిస్టెంటుని. పేరు ఓబులేసు. పుస్తకాల మీద నంబర్లు వెయ్యడం, ఊడిన అట్టలకి జిగురు పెట్టడం, పాత పత్రికలు తాడుతో కట్టి అటక మీదికి చేర్చడం నా పని. ఇరవై రెండేళ్లు పుస్తకాల మధ్యే కూర్చున్నాను గాని ఒక్కటీ చదివి ఎరగను. చదవాలని నా విధుల జాబితాలో ఎక్కడా లేదు.

అటువంటి నాచేత ప్రభుత్వం వారే నవలలు చదివించారు. ఎందుకు చదివించవలసి వచ్చిందో చెబుతాను.

మా ఊళ్ళో ఉల్లిపాయల టోకు వ్యాపారి గోవర్ధనం. ఆయన భార్య రాజ్యలక్ష్మి. పోయిన వేసవిలో ఒక మంగళవారం పొద్దున ఆమె భర్తకి ఇడ్లీలు పెట్టి, మధ్యాహ్నానికి అన్నం వండి మూతపెట్టి, చేతిసంచీ పట్టుకుని బస్టాండుకి నడిచి, సముద్రం వైపు పోయే బస్సెక్కింది. మా ఊరి నుంచి సముద్రం బస్సులో రెండున్నర గంటలు. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చినా ఆమె దాన్ని చూడలేదు. చూసింది. మోకాళ్లదాకా దిగింది. సాయంత్రం బస్సుకి తడిసిన చీర కుచ్చెళ్లతో తిరిగి వచ్చింది.

"ఎవరినడిగి పోయావు?" అన్నాడు గోవర్ధనం.

"మేఘవర్ణిక ఎవరిని అడిగి పోయింది? అది ఏడు సముద్రాలు దాటింది. నేను ఒక్కటి, అదీ ఒడ్డున నిలబడి చూసొచ్చినా," అందామె.

ఈ మేఘవర్ణిక ఎవరో, తన భార్యకి ఎప్పుడు స్నేహమైందో గోవర్ధనానికి అంతుపట్టలేదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటుంటే పోయి, 'నా భార్యకు లేనిపోనివి నేర్పుచున్న మేఘవర్ణిక అను స్త్రీపై తగు చర్య తీసుకొనవలెను' అని రాసిచ్చాడు. అర్జీ మా ఊరి పోలీసు స్టేషనుకి వచ్చింది. వాళ్ళు విచారించి, సదరు స్త్రీ తమ పరిధిలో లేదని, శాఖా గ్రంథాలయంలో మూడో బీరువాలో ఉంటున్నట్టు తెలిసిందని రాసి, జిల్లా గ్రంథాలయ కార్యాలయానికి పంపేశారు.

మేఘవర్ణిక ఒక నవలా నాయిక. ఏడు భాగాల నవల. అందులో ఆమె ఒక ద్వీపానికి రాజకుమార్తె. రెక్కల గుర్రమెక్కి తిరుగుతుంది, కత్తి తిప్పుతుంది, సముద్రసేనుడనే ఓడదొంగని ప్రేమిస్తుంది. మా గ్రంథాలయంలో అన్నిటికంటే ఎక్కువసార్లు నేను జిగురు పెట్టింది ఆ ఏడు పుస్తకాలకే.

అప్పటికి జిల్లా గ్రంథాలయ అధికారిగా కోదండపాణి గారు వచ్చి నెలన్నర అయింది. అంతకుముందు ఆయన తూనికలు, కొలతల శాఖలో ఉండేవారు. మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. ఒకరి చేతి కాఫీ కూడా ముట్టరు. తన బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితానికీ ఏదో ఒక చర్య జరిగి తీరాలనేది ఒక్కటే ఆయన పట్టుదల. గోవర్ధనం అర్జీ మీద పన్నెండు రోజులు ఆలోచించి, జిల్లాలోని శాఖలన్నిటికీ ఒక ఉత్తర్వు పంపారు. దాన్ని మా లైబ్రేరియన్ సుగుణరత్నం మేడం నిలబడి పైకి చదివింది.

'నవలలయందు నాయికలు ఎట్టి అనుమతియు లేకుండా పర్వతములు ఎక్కుట, సముద్రములు దాటుట, గుహలయందు ప్రవేశించుట, పురుష వేషము ధరించుట, అపరిచితులను ప్రేమించుట మున్నగు కార్యములకు పాల్పడుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇకమీదట ప్రతి నాయికయు తన సంరక్షకుని ద్వారా నిర్దేశిత నమూనాలో దరఖాస్తు చేసి, సాహసమునకు ముందస్తు అనుమతి పొందవలెను. అనుమతి పత్రము పుస్తకమునకు జతపరచవలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సదరు గ్రంథములను బీరువాలో ఉంచి తాళము వేయవలెను. నాయికలు ఎక్కడివారక్కడ యథాతథ స్థితిలో ఉండవలెను.'

మేడం ఆ కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి, వెనక వైపు కూడా చూసింది. వెనక ఏమీ లేదు.

"ఓబులేసు గారూ, మన దగ్గర ఇటువంటి నాయికలు ఎంతమంది ఉంటారు?"

"చదివితేగాని తెలియదు మేడం."

"అయితే చదవండి. సాహసాల పట్టిక కూడా అడిగారు."

ఆ విధంగా నా చదువు మొదలైంది. పట్టికలో నాయిక పేరు, వయసు, సాహసం, పుట నంబరు, సాహసానికి పట్టిన సమయం, ప్రయోజనం అని గడులు. మొదటి రెండు రోజులు గడులే చూశాను. పాము పట్టుకుంది, పుట నలభై. నది ఈదింది, పుట యాభై ఆరు. మూడో రోజు బస్సులో చదువుతూ మా ఇంటి స్టాపు దాటి డిపోదాకా పోయాను. నా భార్య అడిగితే ఆఫీసు పనేనన్నాను. అది అబద్ధం కాదు.

అనుమానం వచ్చినప్పుడల్లా కోదండపాణి గారికి ఫోన్ చేసేవాణ్ణి.

"సార్, మేఘవర్ణిక ఎక్కిన గుర్రానికి రెక్కలున్నాయి."

"గుర్రమా, పక్షా? ఏదో ఒకటి తేల్చవయ్యా."

"రెండూనండి."

"అయితే పశుసంవర్ధక శాఖకీ అటవీ శాఖకీ చెరొక ప్రతి పంపు. వాళ్ల అభిప్రాయం రానీ."

ఇంకోసారి ప్రేమ విషయం వచ్చింది. "ఓడ మీద ఇద్దరి చూపులూ కలిశాయని ఉంది సార్. ప్రేమ కింద వెయ్యనా, వద్దా?"

"ఎంతసేపు కలిశాయి?"

"రాయలేదు సార్."

ఆయన చాలా బాధపడ్డారు. "కొలత లేకుండా అచ్చెట్లా వేస్తారయ్యా ఇట్లాంటివి? సరే, ఉజ్జాయింపుగా అరనిమిషం వెయ్."

వేశాను. కాని ఆ సంగతి చదువుతున్నప్పుడు నాకు మాత్రం అది అరనిమిషం కాదనిపించింది.

ఉత్తర్వు వచ్చిన మూడో వారంలో మస్తానమ్మ వచ్చింది. మస్తానమ్మకి బస్టాండు ఎదురుగా టైలరింగ్ కొట్టు ఉంది. ఒక్క మనిషి. నలభై ఏడేళ్లుంటాయి. ముప్ఫై ఏళ్లు దాటాక వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. అక్కడ ఇచ్చిన పలకా వాచకం అయిపోయాక ఇంకేం చదవాలో తెలియక మా గ్రంథాలయానికి వస్తే, మేడం ఆమె చేతిలో మేఘవర్ణిక మొదటి భాగం పెట్టింది. అది పూర్తి చెయ్యడానికి ఆమెకి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటినుంచి ఆ ఏడు భాగాలూ ఏడాదికోసారి చదువుకుంటుందని ఊళ్ళో అనుకుంటారు గాని అది నిజం కాదు. ఐదుదాకానే చదివేది. మంచి కథ అయిపోతుందేమోనని దిగులు పడి మళ్ళీ మొదటికి పోయేది. ఈ ఏడు ధైర్యం చేసి ఆరో భాగం తీసుకుందామని వచ్చింది.

ఐదో భాగం చివర మేఘవర్ణిక జలపాతం వెనకనున్న గుహలోకి పోతుంది. ఆమె వెనక రాయి మూసుకుపోతుంది. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

"ఆరోది ఇయ్యన్నా," అంది మస్తానమ్మ.

నేను ఉత్తర్వు చూపించాను. ఆమె నిదానంగా, వేలు పెట్టి, మొత్తం చదివింది.

"అంటే ఆ పిల్ల గుహలోనే ఉండాలా?"

"యథాతథ స్థితి అన్నారు."

"ఎన్నాళ్లు?"

"అనుమతి వచ్చిందాకా."

"లోపల గాలి ఉండదన్నా," అంది. ఎంత మామూలుగా అందంటే, నేను కిటికీ వైపు చూశాను.

ఆమె అక్కడే కూర్చుంది. మేడం పక్కన కూర్చుని ఏవేవో వేరే పుస్తకాలు చూపించింది. మస్తానమ్మ అట్టలు చూసి వెనక్కి ఇచ్చేసింది. చివరికి మేడం ఉండబట్టలేక, ఆమె చేతి మీద చెయ్యేసి, "బతికే ఉందిలే మస్తానమ్మా," అంది. నేను వినలేదన్నట్టు జిగురు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను.

మస్తానమ్మకి ఆ మాట చాల్లేదు. మరుసటి వారం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టింది. చేతిరాత గుండ్రంగా, కుట్టు వేసినట్టు ఒకే వరసలో ఉంది. 'ఒకటి, మేఘవర్ణిక ఉందా పోయిందా. రెండు, ఉంటే గుహలో తిండికి ఏం తింటా ఉంది. మూడు, ఎప్పుడు వదులుతారు.'

చట్టం ప్రకారం ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఇరవై తొమ్మిదో రోజున కోదండపాణి గారి జవాబు వచ్చింది. 'ఒకటవ అంశము: సదరు నాయిక ప్రస్తుత స్థితి ఆరవ భాగమునందు ఉన్నట్లు భావించబడుచున్నది. ఆరవ భాగము బీరువాలో ఉన్నది. రెండవ అంశము: ఇది పౌర సరఫరాల శాఖకు చెందినది గనుక మీ దరఖాస్తును వారికి బదలాయించడమైనది. మూడవ అంశము: సంరక్షకుని నుండి దరఖాస్తు అందిన పిమ్మట పరిశీలించబడును.' పౌర సరఫరాల వాళ్ళు వెంటనే స్పందించారు. మేఘవర్ణిక రేషన్ కార్డు నంబరు పంపమని మాకు రాశారు.

మస్తానమ్మ అప్పీలు చేసింది. అందులో ఒక పొరపాటు చేసింది పాపం. 'మీ లైబ్రేరియన్ మేడం నోటిమాటగా బతికే ఉందన్నది, అదే రాతపూర్వకంగా ఇయ్యండి' అని రాసింది.

నాలుగో రోజుకి మేడంకి మెమో వచ్చింది. తాళంలో ఉన్న గ్రంథములోని విషయమును అనధికారికంగా వెల్లడించినందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో చెప్పాలని, సంతృప్తికరమైన జవాబు రానిచో కొండశాఖకు బదిలీ చేయబడుననీ దాని సారాంశం. కొండశాఖ మా జిల్లాలో అందరికీ తెలిసిందే. అది కాగితం మీద తప్ప నేల మీద లేదు. అక్కడికి బదిలీ అయినవాళ్ళు రోజూ రెండు బస్సులు మారి, ఒక పశువుల ఆసుపత్రి అరుగు మీద సాయంత్రందాకా కూర్చుని, సంతకం పెట్టి రావాలి. మేడంకి మోకాళ్ల నొప్పులు. పైగా ఆమె ఈ గ్రంథాలయంలో ఇరవై ఏళ్లుగా ఉంది. ఒక్కో అలమార దేని వాసన వేస్తుందో కూడా ఆమెకి తెలుసు.

సంగతి తెలిసి మస్తానమ్మ కొట్టు మూసేసి పరిగెత్తుకొచ్చింది. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నేను రాసిన రాతే గదమ్మా నీ మీదికి వచ్చింది," అంది.

"నువ్వు నిజమే రాశావు," అంది మేడం. "కూర్చో. నీళ్లు తాగు."

మస్తానమ్మ నీళ్లు తాగి, మళ్ళీ ఆ ఉత్తర్వు అడిగింది. మళ్ళీ వేలు పెట్టి చదివింది. 'సంరక్షకుని ద్వారా' అన్న చోట వేలు ఆగింది.

"సంరక్షకుడంటే అమ్మానాన్నా?"

నేను నిబంధనలు తిరగేశాను. తల్లిదండ్రులు లేని పక్షంలో నాయికను మూడేళ్లకు తక్కువ కాకుండా ఎరిగిన స్థానికులు సంరక్షకులుగా ఉండవచ్చునని అనుబంధంలో ఉంది.

"అయితే నేనే," అంది మస్తానమ్మ. "నమూనా కాగితం ఇయ్యన్నా."

విచారణ గురువారం పదకొండు గంటలకి మా గ్రంథాలయంలోనే పెట్టారు. సంరక్షకత్వ దరఖాస్తూ మేడం మెమో రెండూ ఒకే రోజు తేల్చేద్దామని కోదండపాణి గారే వచ్చారు. పత్రికల బల్ల మీద తెల్లగుడ్డ పరిచాం. చదువుకునే ఆడవాళ్ళు ఓ ముప్ఫై మంది దాకా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. రాజ్యలక్ష్మి ఉంది. ఆమె వెనక గోవర్ధనం కూడా ఉన్నాడు.

ముందు మస్తానమ్మని పిలిచారు.

"నాయికతో మీ బంధుత్వం?"

"బంధుత్వం లేదు సార్. ఎరిగినదాన్ని. పదహారేళ్లుగా."

"ఆమె ప్రవర్తన ఎటువంటిది?"

"మంచి పిల్ల సార్. ఎవరి సొమ్మూ తినదు. ఒక మాటన్నదంటే దాని మీదనే నిలబడతది. కోపం కొంచెం ఎక్కువ."

ఆయన రాసుకున్నారు. "గుహలోకి పోవలసిన అవసరమేమిటి?"

"సముద్రసేనుడికి చూపు పోయింది సార్. గుహలో ఒక పువ్వు ఉంది. దాని రసం పోస్తే చూపు వస్తది."

"కంటి ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదు?"

"ఆ ద్వీపంలో లేదు సార్."

"పక్క ద్వీపంలో?"

"ఉందేమో సార్. పోను పడవ లేదు. పడవని రాక్షసి మింగింది."

'రవాణా సౌకర్యము లేదు' అని రాసుకోవడం నాకు కనిపించింది. "ఈ సముద్రసేనుడు ఓడదొంగ అని పట్టికలో ఉంది. ఇటువంటి వ్యక్తి కోసం ఆమె ప్రాణాపాయం కొనితెచ్చుకోవడం సమంజసమేనా?"

"నాలుగో భాగంలో మానేశాడు సార్. దోచుకున్న నగలన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేశాడు."

"రశీదులు తీసుకున్నాడా?"

మస్తానమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "రాయలేదు సార్. ఈసారి కనపడితే అడుగుతా," అంది.

గోవర్ధనాన్ని ఫిర్యాదీగా పిలిచారు. ఆయన తల గీక్కుంటూ ముందుకొచ్చి, తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. పోయిన ఆదివారం భార్య ఆయన్ని కూడా సముద్రానికి తీసుకుపోయిందట. బాగానే ఉందట. కోదండపాణి గారు సానుభూతిగా విన్నారు. "ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చండీ. ఉత్తర్వు వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదు," అన్నారు.

తరవాత మేడం లేచింది.

"పుస్తకం తాళంలో ఉండగా నాయిక బతికి ఉందని మీకెట్లా తెలిసిందమ్మా?"

"ఉత్తర్వు రాకముందే చదివాను సార్. ఈ ఉద్యోగంలో చేరిన ఏడే."

"సరేనమ్మా. కాని ఉత్తర్వు వచ్చిన తరవాత దాన్ని గుర్తుంచుకోకూడదు కదా."

"మరిచిపోవడానికి నమూనా కాగితం ఏదైనా ఉంటే ఇవ్వండి సార్. పూర్తి చేసి ఇస్తాను," అంది మేడం.

వెటకారం అనుకోలేదు ఆయన. ఫైలులో వెతికి, అటువంటి నమూనా లేదని తేల్చుకుని, ఒక పక్కన గుర్తు పెట్టుకున్నారు. తరవాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆమె చెప్పింది వాస్తవమో కాదో ముందు తేలాలి. వాస్తవం కాకపోతే తప్పుడు సమాచారం కింద ఇంకో అభియోగం వస్తుంది. ఆరవ భాగం చదివినవారు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు.

చదివానంటే మెమో వస్తుందని అందరికీ అర్థమైంది. నేను మేడం వైపు చూశాను. ఆమె బల్ల మీది గుడ్డ అంచు సరిచేస్తూ ఉంది. కొండశాఖకి పోతే ఈ బల్ల ఉండదు, ఈ గుడ్డ ఉండదు. నా చెయ్యి దానంతటదే లేచింది.

"నేను చదివాను సార్. బతికే ఉంది."

"పట్టిక కోసం నిన్ను ఐదో భాగందాకానే చదవమన్నది కదయ్యా? ఆరోదాన్లో సాహసాలకి ఇంకా గడులే గియ్యలేదు."

"తప్పయింది సార్. ఆగలేకపోయాను."

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను చేసిన మొదటి తప్పు అది. దాన్ని అందరి ముందూ ఒప్పుకుంటుంటే నాకు సిగ్గు వెయ్యకపోవడం నాకే వింతగా అనిపించింది.

"నేను కూడా చదివినా," అంది రాజ్యలక్ష్మి గోడ దగ్గరనుంచి. ఆమె పక్కనున్న అంగన్‌వాడీ టీచరు, తానూ చదివానంది. ఆ పక్కామె రెండుసార్లట. చూస్తూ ఉండగానే పందొమ్మిది చేతులు లేచాయి. వాళ్ల మధ్యలో మస్తానమ్మ ఒక్కతే చెయ్యెత్తకుండా, రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. కథ ముందే తెలిసిపోతుందేమోనని.

కోదండపాణి గారు చేతులు లెక్కపెట్టుకున్నారు. సంచీలో మెమో కాగితాలు పదే ఉన్నాయని, వెంట వచ్చిన గుమాస్తా ఆయన చెవిలో చెప్పాడు. చాలాసేపు ఆలోచించి, "సాక్షులందరూ ఒకే పక్షం వారు. నిష్పాక్షికంగా తేలాలంటే విచారణాధికారే గ్రంథాన్ని పరిశీలించాలి," అన్నారు.

నేను బీరువా తీసి ఆరో భాగం ఇచ్చాను. పుచ్చుకున్నట్టు సంతకం పెట్టి, నాలుగు గంటలకల్లా తేలుస్తానని చెప్పి తాను దిగిన ప్రభుత్వ బంగళాకి పోయారు.

నాలుగైంది, ఐదైంది, ఆయన రాలేదు. గుమాస్తా పోయి చూసి వచ్చి, అయ్యగారు భోజనం కూడా బల్ల మీదే ఉంచేశారని, పిలిస్తే చెయ్యి ఊపారని చెప్పాడు. మర్నాడు పదకొండు గంటలకి వచ్చారు. చొక్కా నిన్నటిదే. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కూర్చుని, గొంతు సవరించుకుని, ఉత్తర్వు చదివారు.

'నాయిక జీవించి ఉన్నట్లు విచారణలో రుజువైనది. గుహనుండి వెలుపలికి వచ్చుటకును, పుష్పము తెచ్చుటకును, తదుపరి అవసరమగు సాహసములకును అనుమతి మంజూరు చేయడమైనది. లైబ్రేరియన్ చెప్పినది వాస్తవమైనందున ఆమెపై అభియోగము ఉపసంహరించడమైనది. అయితే నాయిక ఒంటరిగా సంచరించుట క్షేమకరము కాదు గనుక, సాహసము జరుగునంత కాలమును సంరక్షకురాలు ఆమెకు తోడుగా ఉండవలెను.'

మేడం కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. ఆడవాళ్లందరూ ఆమె చుట్టూ చేరారు. మస్తానమ్మ మాత్రం బల్ల ముందే నిలబడి ఉంది.

"సార్, నేను ఆ పిల్లకి తోడు ఉండాలంటే పుస్తకం నా చేతిలో ఉండాలి గదా."

కోదండపాణి గారు ఉత్తర్వు ఇంకోసారి చదువుకున్నారు. ఎటునుంచి చూసినా అంతే అవుతోంది. "అవునమ్మా," అన్నారు. "లేకపోతే ఉత్తర్వు ఉల్లంఘన అవుతుంది."

ఆ సాయంత్రమే ఆరో భాగం మస్తానమ్మ కొట్టుకి పోయింది. నాలుగో రోజు పొద్దున ఆమె కొట్టు తెరవలేదని రవికెలు కుట్టడానికిచ్చినవాళ్ళు మా దగ్గరికి వచ్చి అడిగారు. ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం విధుల్లో ఉందని చెప్పాను.

నెల తిరక్కుండా మా ఊళ్ళో యాభై ముగ్గురు నాయికలకి సంరక్షకులు వచ్చారు. మంత్రగత్తెని ఓడించిన కుమ్మరి పిల్లకి అంగన్‌వాడీ టీచరు, దెయ్యాల కోటలో లంకెబిందెలు కనిపెట్టిన వితంతువుకి రాజ్యలక్ష్మి, వెన్నెల మీద నడిచే నర్తకికి రిటైరైన పోస్టుమాస్టరు గారు సంతకాలు పెట్టారు. ఒక్కొక్కరికీ అనుమతి ఉత్తర్వు, ఒక్కొక్కరి చేతిలో పుస్తకం. మధ్యాహ్నాలు సంరక్షకులందరూ మా హాల్లోనే కూర్చుని తమ పిల్లల మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. "మాది నిన్న కొండ దిగింది." "మాదానికి ఆ యువరాజు మీద నమ్మకం కుదరట్లేదు, నాకూ కుదరట్లేదు." కూర్చోవడానికి బెంచీలు చాలక పక్క బడినుంచి తెప్పించాం. జిల్లాలో అందరికంటే ఎక్కువమంది పాఠకులున్న శాఖగా మాకు ప్రశంసాపత్రం వచ్చింది. అనుమతి విధానం సత్ఫలితాలనిచ్చినందున దాన్ని పక్క జిల్లాల్లోనూ ప్రవేశపెట్టవచ్చునని దాని కింద రాసి ఉంది.

ఆ ప్రశంసాపత్రం ఇవ్వడానికి వచ్చిన రోజున కోదండపాణి గారు సభ అయిపోయినా కదల్లేదు. అందరూ పోయాక నన్ను పక్కకి పిలిచారు.

"ఏడవ భాగం ఉందా ఓబులేసు?"

"ఉంది సార్. మస్తానమ్మ చదివి తిరిగిచ్చేసింది, బీరువాలోనే ఉంది. తీసివ్వనా?"

ఆయన తలుపు వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. "ఎట్లా ఇస్తావయ్యా. విచారణ ఆరవ భాగంతో ముగిసింది. ఇప్పుడు నేను విచారణాధికారిని కాను. ఇంకొకరు చదవాలంటే సంరక్షకురాలి సమ్మతి ఉండాలి. నిబంధన నేనే పెట్టాను."

నమూనా కాగితం పూర్తి చేసి పట్టుకుని ఆయన ముందు, బీరువా తాళం, పుస్తకం, రిజిస్టరు పట్టుకుని నేను వెనక, రోడ్డు దాటి మస్తానమ్మ కొట్టుకి పోయాం. ఆమె మిషను తొక్కుతూ ఉంది. ఆయన్ని చూసి లేవబోయింది. వద్దని చెప్పి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద ఆయన కూర్చున్నారు. కాగితం ఇచ్చారు. ఆమె వేలు పెట్టి నిదానంగా చదివింది.

"ఏడో భాగం ఎందుకు సార్ మీకు?"

"ఆరవ భాగంలో మంజూరైన అనుమతులు సక్రమంగా వినియోగించబడినవా లేదా అన్న విషయం పర్యవేక్షణ నిమిత్తం..."

మస్తానమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. చేతి కింద పసుపు రంగు జాకెట్టు గుడ్డ జరుగుతూ ఉంది. ఆ చప్పుడులో ఆయన మాట ఆగిపోయింది. కాసేపు సూది వైపే చూస్తూ కూర్చున్నారు.

"అతనికి చూపు వచ్చింది. ఆమె మాత్రం గుహలో జుట్టంతా తెల్లబడిపోయి వచ్చింది," అన్నారు మెల్లగా. "మొదట చూసిన మొహం కాదు కదమ్మా. గుర్తు పడతాడా? అక్కడితో ఆపేశాడు రాసినాయన. ఫైళ్లు చూస్తుంటే కూడా అదే గుర్తొస్తోంది. నేను ఏమీ చెయ్యలేకపోతున్నాను."

మస్తానమ్మ మిషను ఆపింది. ఆయన మొహంలోకి చూసింది.

"గుర్తు పడతాడు సార్," అంది. "ఎట్లా పడతాడో చెప్పను. మీరే చదువుకోండి. నూట పదో పేజీలో."

బొత్తాల డబ్బాలోంచి పెన్ను వెతికి తీసి సంతకం పెట్టింది. నేను అక్కడే బల్ల మీద రిజిస్టరు తెరిచి నంబరు వేశాను, తేదీ వేశాను, ఆయన పేరు రాశాను. చివరన ప్రయోజనం అనే గడి ఉంది.

"ఇక్కడ ఏం రాయమంటారు సార్?"

కోదండపాణి గారు అప్పటికే పుస్తకం తెరిచారు. తలెత్తలేదు.

"ఖాళీగా వదిలెయ్యవయ్యా," అన్నారు.